జూదంలో ఓడేది ఇల్లే

పంచశీలలో జూదం అన్న మాట లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఆ మాట లేదు. దొంగతనం ఉంది, అబద్ధం ఉంది, వ్యభిచారం ఉంది, మద్యం ఉంది. దీన్ని చూపించి మన యువకులు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు: "నా సంపాదన, నా పందెం. ఎవరి సొమ్మూ దొంగిలించలేదు కదా, ఇందులో శీలభంగం ఏముంది?"

బస్తీల్లో, పల్లెల్లో పనిచేసే మాకు ఈ ప్రశ్న కొత్త కాదు. దానికి జవాబు రెండున్నర వేల ఏళ్ల నాటిది. బుద్ధుడు గృహస్థుడికి ఇల్లు నడపడం నేర్పుతూ జూదం గురించి మాట్లాడాడు. రాజులు దాన్ని రాబడిగా చూశారు, పండితులు రాజధర్మంలో సూక్ష్మంగా చర్చించారు, న్యాయస్థానాలు నైపుణ్యమా అదృష్టమా అని తూచాయి. జూదం వల్ల ఇంట్లోవాళ్లకు ఏమవుతుందని ధమ్మం అడిగింది. ఈ నాలుగు చూపుల చరిత్రను ఒకసారి వరుసగా చూస్తే మన యువకుల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

సిగాలుడికి చెప్పిన లెక్క

రాజగృహ దగ్గర వేణువనంలో బుద్ధుడు ఉన్న రోజుల్లో సిగాలుడనే గృహస్థు కొడుకు తెల్లవారగానే తడి బట్టలతో, తడి జుట్టుతో ఆరు దిక్కులకూ మొక్కుతున్నాడు. ఎందుకని అడిగితే, చనిపోతూ తండ్రి చెప్పాడన్నాడు. బుద్ధుడు ఆ కొడుకు భక్తిని ఎగతాళి చేయలేదు, దిక్కులకు అర్థం మార్చాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్లు, పై దిక్కు శ్రమణ బ్రాహ్మణులు. ఈ ఆరుగురి పట్ల బాధ్యత నెరవేర్చడమే దిక్కులకు మొక్కడమన్నాడు. దీఘనికాయంలోని ఈ సిగాలోవాద సుత్తాన్ని గృహస్థుల వినయమని పిలుస్తారు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో గృహస్థుల వినయానికి ప్రత్యేకంగా చోటు ఇచ్చారు.

ఈ సుత్తంలోనే ఆస్తిని కరిగించే ఆరు దారులు చెప్పాడు: మత్తు, వేళకాని వేళ వీధుల్లో తిరగడం, వేడుకల వెంట పరుగులు, జూదం, చెడు సావాసం, సోమరితనం. జూదం వల్ల వచ్చే కీడులనూ ఆరుగా లెక్కపెట్టాడు. గెలిచినవాడు పగ కొనితెచ్చుకుంటాడు. ఓడినవాడు పోయిన సొమ్ముకు ఏడుస్తాడు. చేతిలో ఉన్న ధనం కరిగిపోతుంది. సభలో అతని మాటకు విలువ ఉండదు. స్నేహితులు చులకన చేస్తారు. భార్యను పోషించలేడని అతనికి ఎవరూ పిల్లనివ్వరు.

ఈ లెక్కలో నరకం ప్రస్తావన లేదు, దేవుడి ఆగ్రహం లేదు. ఆరింటిలో డబ్బు నష్టం ఒక్కటే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం మనుషుల మధ్య తెగిపోయే బంధాలు, పోయే మాట విలువ. అదే సుత్తంలో భర్త భార్యకు చేయవలసిన అయిదు పనులు చెబుతూ, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించాలనీ, ఆభరణాలు ఇవ్వాలనీ అన్నాడు. సంపాదించినదాన్ని కాపాడడం భార్య చేసే పనుల్లో ఒకటి. ఇప్పుడు జూదరి ఇంటిని ఊహించండి. ఇవ్వవలసిన ఆభరణాన్ని తీసుకుపోతాడు. అప్పగించవలసిన పెత్తనాన్ని దాచిన అప్పుతో లాగేసుకుంటాడు. ఆమె ఎంత కాపాడినా ఇంట్లో ఏదీ నిలవదు. పడమటి దిక్కు పూర్తిగా కూలిపోతుంది.

కురుసభలో జవాబు రాని ప్రశ్న

జూదం ఇంటిని చెరుపుతుందని అంతకుముందు వాళ్లకు తెలియదని కాదు. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం ఒక జూదరి గోడు. ఆనాటి పాచికలు తానికాయలు. వాటి మోజులో తగవెరుగని భార్యను దూరం చేసుకున్నవాడు, అత్త అసహ్యించుకున్నవాడు, కట్టి తీసుకుపొమ్మని సొంత తల్లిదండ్రులే అన్నవాడు అందులో కనబడతాడు. బాధ నిజమైనదే. అయితే అక్కడ గొంతు ఆడేవాడిది. ఇంట్లోవాళ్ల బాధ మనకు అతని నోటి ద్వారానే వినబడుతుంది.

మహాభారతంలో తొలిసారి ఇంటి మనిషి నిలబడి అడుగుతుంది. ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ముళ్లను, తనను ఓడి, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. పిలవడానికి వచ్చినవాడితో ద్రౌపది ఒకే ప్రశ్న పంపింది: ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను ఓడినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదని దాని అర్థం. ఇది నూటికి నూరు పాళ్లు న్యాయశాస్త్ర ప్రశ్న. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడాడు. సభ మాత్రం తీర్పు చెప్పలేదు. అసలు భార్య పందెంలో పెట్టే వస్తువు ఎలా అయిందని ఆ సభలో పెద్దలెవరూ అడగలేదు.

బౌద్ధ జాతక కథల్లో ఇదే కురుదేశం, ఇదే ఇంద్రప్రస్థం విధుర పండిత జాతకంలో వస్తాయి. అక్కడి రాజు ధనంజయుడు పాచికలాటలో పుణ్ణకుడనే యక్షుడికి ఓడిపోతాడు. యక్షుడు అడిగింది రాజు కొలువులోని జ్ఞాని విధురుణ్ణి. నువ్వు రాజుకు బంధువువా, దాసుడివా అని సభలో అడిగితే, అబద్ధమాడితే తప్పించుకునే వీలున్నా విధురుడు నిజం చెప్పాడు: దాసుణ్ణే. తర్వాత మూడు రోజులు గడువు అడిగి, ఇంటికి వెళ్లి, ఏడుస్తున్న తనవాళ్లకు ఎలా బతకాలో చెప్పి వచ్చాడు. రాజు ఆడాడు, మూల్యం చెల్లించింది ఆడనివాడు, అతని ఇల్లు. భర్హుత్ స్తూప శిల్పాల్లో ఈ కథను పేరు చెక్కి మరీ చూపించారు. అజంతా రెండో గుహ గోడ మీదా ఇది ఉంది. స్తూపానికి ప్రదక్షిణ చేసే మామూలు జనం చూసే చోట ఈ కథను పెట్టారంటే, అది వారి ఇళ్లకు అవసరమైన పాఠమని మనం అర్థం చేసుకోవచ్చు.

రాజుకు నూటికి ఐదు

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదానికి ఒక అధ్యక్షుడు ఉన్నాడు. ఆట ఒకే చోట జరగాలి, పాచికలు ప్రభుత్వం ఇవ్వాలి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు ఖజానాకు రావాలి. ఆట ఒకచోటికి చేరితే దొంగలను కనిపెట్టడం సులువని అందులోని లెక్క. మనుస్మృతి పాచికల జూదాన్నీ, ప్రాణులతో ఆడే పందేలనూ రాజ్యం నుంచి వెళ్లగొట్టమంది. ఒకరు పన్ను వేయమన్నారు, మరొకరు తరిమేయమన్నారు. రెండు చోట్లా కేంద్రం రాజ్యమే.

శూద్రకుడి పేరున ఉన్న మృచ్ఛకటికంలో జూదశాల లోపలి రూపం కనబడుతుంది. ఒళ్లు పట్టే పనివాడైన సంవాహకుడు పది బంగారు నాణేలు ఓడిపోయి, పారిపోయి, ఖాళీ గుడిలో విగ్రహంలా నిలబడి దాక్కుంటాడు. జూదశాల యజమాని మాథురుడు అతన్ని పట్టుకుని, తండ్రిని అమ్మి చెల్లించమంటాడు. తండ్రి లేడంటే తల్లిని అమ్మమంటాడు. తల్లీ లేదంటే నిన్ను నువ్వు అమ్ముకోమంటాడు. ప్రేక్షకులు నవ్వుకునే ఈ దృశ్యంలో అప్పులవాడి తర్కమంతా ఉంది: జూదరి దగ్గర ఏమీ మిగలకపోతే అతని మనుషులే ఆస్తి. చివరికి వసంతసేన తన గాజు ఇచ్చి ఆ బాకీ తీరుస్తుంది. సంవాహకుడు బౌద్ధ భిక్షువవుతాడు. తర్వాత గొంతు నులిమి వదిలేసిన వసంతసేన ప్రాణం కాపాడేది ఆ భిక్షువే. నాటకం ముగిసేసరికి విహారాలన్నింటికీ పెద్దగా అతన్ని నియమిస్తారు. జూదరిని మనిషిగా తిరిగి నిలబెట్టే చోటుగా ఆనాటి సమాజం సంఘాన్ని గుర్తించిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన నేల మీద

ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన 'సుహృల్లేఖ'లో విడిచిపెట్టవలసిన ఆరింటిలో జూదం ఒకటి. సిగాలుడికి చెప్పిన జాబితానే స్నేహితుడైన రాజుకూ చెప్పాడు. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఈ లేఖను చైనా భాషలోకి అనువదించాడు. ఇక్కడి పిల్లలు దీన్ని కంఠస్థం చేసేవారనీ రాశాడు.

సంప్రదాయం నాగార్జునుడితో ముడిపెట్టే నాగార్జునకొండ పల్నాడు సీమలోనే ఉంది. ఆ సీమలోనే, బౌద్ధం క్షీణించిన తర్వాత, పన్నెండో శతాబ్దంలో, కోడిపందెం రెండు దాయాదుల ఇళ్లను కాల్చిందని పల్నాటి కథ చెబుతుంది. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్నది పందెం. మాచర్ల వాళ్లు ఓడారు. గడువు తీరాక రాజ్యం తిరిగి దక్కకపోవడంతో కారెంపూడిలో అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు చంపుకున్నారు. ఆ కథను వీరగాథగా విని తల ఊపుతాం. అదే పందెం ప్రతి సంక్రాంతికీ గోదావరి, కృష్ణా జిల్లాల్లో బరులు గీసి కూర్చుంటే సంప్రదాయమంటాం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ దాన్ని నేరమంటున్నాయి. కత్తి కోడి కాలికి కడతారు, గాయం మాత్రం ఇంట్లో తగులుతుంది.

నైపుణ్యమా, అదృష్టమా

బ్రిటిష్ పాలనలో 1867లో బహిరంగ జూద చట్టం వచ్చింది. అది జూదశాలలను శిక్షించింది కానీ, నైపుణ్యం ప్రధానమైన ఆటలను వదిలేసింది. ఆ ఒక్క మినహాయింపు చుట్టూ నూటయాభై ఏళ్లు వ్యాజ్యాలు నడిచాయి. 1957లో బహుమతి పోటీల కేసులో సుప్రీంకోర్టు, జూదం రాజ్యాంగం రక్షించే వ్యాపారం కాదని చెప్పింది. ఆ తీర్పు ఋగ్వేద సూక్తాన్నీ, మహాభారతాన్నీ గుర్తుచేసింది. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ అంది. 1996లో గుర్రప్పందేలనూ నైపుణ్యం వైపే చేర్చింది.

న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్లుగా ఈ విభజనకు తర్కం ఉందని మేము ఒప్పుకుంటాం. కానీ రమ్మీలో ఓడిన జీతం, మూడు ముక్కలాటలో ఓడిన జీతం ఇంటికి ఒకేలా రాకుండా పోతాయి. బియ్యం డబ్బా దగ్గర నైపుణ్యానికీ అదృష్టానికీ తేడా లేదు.

రాజ్యాంగ సభలోనూ ఈ చర్చ వచ్చింది. 1949 సెప్టెంబరులో, రాష్ట్రాల జాబితాలో 'పందెం, జూదం' అన్న పద్దు ఉండడమే తప్పు, గాంధీ దేశంలో ఆ మాట రాజ్యాంగంలో ఎందుకని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. బాబాసాహెబ్ జవాబు న్యాయవాది జవాబు. ఆ పద్దు ఉంటే రాష్ట్రం జూదాన్ని అనుమతించనూ వచ్చు, నిషేధించనూ వచ్చు. పద్దు తీసేస్తే నిషేధించే చేయి కూడా రాష్ట్రానికి ఉండదు, అధికారం కేంద్రానికి పోతుంది. మాట చెరిపేస్తే చెడు పోదు, దాన్ని పట్టుకునే అధికారం పోతుంది. ఆ పద్దే నేటి ఏడో షెడ్యూలు రెండో జాబితాలో 34వ అంశం.

ఆ అధికారాన్ని వాడి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ తమ 1974 చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట నిషిద్ధమని, నడిపేవారికి శిక్ష అని, ఆడేవారికి శిక్ష లేదని అందులో ఉంది. కంపెనీలు దాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి. ఏమైనా, చట్టం నూటయాభై ఏళ్ల తర్వాత సిగాలుడి సుత్తం ప్రశ్న దగ్గరికి వచ్చింది: ఆట ఎలాంటిది అని కాదు, ఇంటికి ఏం చేస్తుంది అని.

ఇంటి లోపలి లెక్క

ఇంటికి ఏం చేస్తుందో మేము రోజూ చూస్తున్నాం. పూర్వం జూదరి క్లబ్బుకో, బరికో, తోటకో వెళ్లాలి. ఊరికి తెలిసేది, పెద్దలు మందలించేవారు. ఇప్పుడు జూదశాల దిండు కింద ఉంది. పక్కన పడుకున్న భార్యకు కూడా తెలియదు. ఆమెకు తెలిసేసరికి డ్వాక్రా వాయిదా కట్టలేదని సంఘం వాళ్లు తలుపు తడతారు. లేదా పిల్లల ఫీజు ఆగిపోతుంది. లేదా పుస్తెలతాడు బదులు పసుపు కొమ్ము మెడలోకి వస్తుంది. రుణ యాప్‌లవాళ్లు ఫోనులోని నంబర్లన్నింటికీ చేసి ఆమె అన్నదమ్ముల దగ్గర, పనిచేసే చోట పరువు తీస్తారు. ముసలి తల్లిదండ్రుల పింఛను మాయమవుతుంది. ఆమెకు నిద్ర పోతుంది. ఫోను మోగితే గుండె దడ. "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పదేళ్ల పిల్లవాడికి నేర్పుతారు.

యువకుల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. భార్య నగను ఆమెకు చెప్పకుండా తాకట్టు పెట్టడం ఇవ్వనిదాన్ని తీసుకోవడమే, రెండో శీలం పోయింది. దాన్ని దాచడానికి అబద్ధం, నాలుగో శీలం పోయింది. ఆ అబద్ధాన్ని బిడ్డ చేత చెప్పిస్తే బిడ్డ శీలమూ పోయింది. ఓడిన రాత్రి మందు, అయిదోది పోయింది. అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఇళ్లకూ మేము వెళ్లాం. అక్కడ మొదటి శీలం సంగతి వేరే చెప్పాలా? జూదం పేరు పంచశీలలో లేదు. అయిదింటినీ విరిచే పని మాత్రం అది ఒక్కటే చేయగలదు.

ఆస్ట్రేలియాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనం, జూదం అదుపు తప్పిన మనిషి ఒక్కొక్కరి వల్ల సగటున మరో ఆరుగురికి హాని కలుగుతుందని లెక్కగట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో జూద రుగ్మతను వ్యసనాల సరసన చేర్చింది. కాబట్టి ఆ మనిషి చెడ్డవాడని వదిలేయడానికి వీల్లేదు, జబ్బు కదా అని ఇంట్లోవాళ్లనే భరించమనడానికీ వీల్లేదు. ఇద్దరికీ సాయం కావాలి.

ద్రౌపదికి సభ ఇవ్వని జవాబును చట్టం నెమ్మదిగా ఇచ్చింది. తండ్రి జూదపు అప్పు కొడుకు తీర్చనక్కర్లేదని పాత ధర్మశాస్త్రాలే ఒప్పుకున్నాయి. బౌద్ధులకూ వర్తించే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, ఆ తర్వాతి అప్పులకు కొడుకు మీద ఉన్న ధార్మిక బాధ్యతనే తీసేసింది. భార్య గురించి శాస్త్రాలు తటపటాయించాయి. స్త్రీకి ఆస్తి మీద సంపూర్ణ హక్కు కోసమే బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు తెచ్చారు, అది ఆగిపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. స్త్రీధనం భార్య సొంతమని, భర్త దగ్గర ఉన్నంత మాత్రాన అతనిది కాదని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం ఇంటి సామాను, స్త్రీధనం అమ్మేయడాన్ని, ఇంటి అవసరాలకు డబ్బు లేకుండా చేయడాన్ని ఆర్థిక హింస అంది. ఇది మన ఆడవాళ్లలో చాలామందికి తెలియదు. కొట్టలేదు కదా, కేసు ఎలా అవుతుందంటారు.

అప్పుల గురించీ ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచినవాడు దావా వేసి వసూలు చేయలేడు. కానీ పందెం కోసం వేరేవారి దగ్గర చేసిన అప్పు ఆ ఒక్క కారణంతో రద్దు కాదు. అది ఆ మనిషి అప్పు. భార్య సంతకం పెట్టకపోతే, హామీ ఉండకపోతే ఆమె సొంత ఆస్తి దానికి బాధ్యత కాదు. అందుకే మేము ప్రతి ఇంట్లో చెప్పే మొదటి మాట: భయపడి, బతిమాలితే కరిగి, కొత్త కాగితాల మీద సంతకం పెట్టవద్దు.

చెరువు తూములు

కోలియుడైన దీఘజానుడు, మాది పిల్లలతో కిక్కిరిసిన సంసారం, మాలాంటివాళ్లకు పనికొచ్చేది చెప్పమని బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు అతనికి ఒక చెరువు పోలిక చెప్పాడు. నీళ్లు వచ్చే దారులు నాలుగు, పోయే దారులు నాలుగు. వచ్చేవి మూసి, పోయేవి తెరిచి, వాన కూడా పడకపోతే చెరువు ఎండుతుంది. నీళ్లు పోయే ఆ నాలుగు దారుల్లో ఒకటి జూదం. సిగాలుడికి సంపాదనను నాలుగు భాగాలు చేయమన్నాడు: ఒకటి అనుభవానికి, రెండు పనికి, ఒకటి ఆపదకు దాపుకు. ఆ నాలుగింటిలో పందేనికి వాటా లేదు.

తూము మూయడం ఒక్క ఇంటి వల్ల అయ్యేది కాదు. మన విహారాలు, మన సంఘాలు ఆ పని చేయాలి. వర్షావాసంలో, పున్నమి రోజుల్లో సిగాలోవాద సుత్తం తెలుగులో చదివి వివరించాలి. ఆడవాళ్లు తమ నగల, పొదుపు లెక్క తమ పేరున రాసుకోవడం నేర్పాలి. జూదరిని వెలివేయకుండా, అతని జీతం కొంతకాలం భార్య ఖాతాలోకి వచ్చేలా ఒప్పించాలి. మానసిక సాయానికి టెలి మానస్ 14416 ఉంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, నంబరు 15100. ఈ రెండు నంబర్లు ప్రతి విహారం గోడ మీద, అందరికీ కనబడేలా రాయాలి.

సంవాహకుడికి ఆనాడు ఒక విహారం తలుపు తెరిచి ఉంది. ఈనాటి సంవాహకుడికీ, అతనికన్నా ముందు అతని భార్యాపిల్లలకూ మన తలుపు తెరిచి ఉండాలి. రాత్రి పన్నెండింటికి తట్టినా సరే.